గేర్ రెండు మీద ఉంది

దయ్యాలను నేను నమ్మను. మేము పనిచేసే మగ్గాల షెడ్డులో, ఇక్కడ దాన్ని ఖాతా అంటారు, మనిషి లేకుండానే మగ్గం నడిచిందని ఎవరైనా చెబితే, స్విచ్ వేసి మరిచిపోయి ఉంటారని నవ్వేవాణ్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం కథ కాదు. మా అన్న బతికే ఉన్నాడు. ఇందులో తప్పు నాది, అందుకే ముందు అది చెబుతాను.

మేము సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చిన వాళ్లం. అన్న, వదిన, నేను, అందరం ఆ ఊళ్లోనే భేస్తాన్‌లో ఒకే ఇంట్లో ఉంటాం. అన్న నర్సయ్యకు చిన్నప్పుడే పోలియోతో ఎడమకాలు చచ్చుబడింది. క్లచ్ తొక్కలేడు కాబట్టి, క్లచ్ లేని పాత ఆటోమేటిక్ కారు కొన్నాడు. అప్పటికే రెండు చేతులు మారిన బండి. అయినా మమ్మల్నందరినీ ఎక్కించుకుని డుమస్ సముద్రం దాకా నడిపిన రోజు అన్న ముఖం చూడాల్సింది. "కుంటోడు నడుపుతుండు, గట్టిగ పట్టుకోండ్రి" అని దారంతా నవ్వించాడు.

కొన్నాళ్లకు గేర్‌బాక్సులో నూనె తగ్గింది. పోయించుకు రమ్మని నన్ను పంపాడు. దానికి పల్చటి ఎర్ర నూనె పోయాలి. గ్యారేజీలో నా ముందు చాలా బండ్లున్నాయి, నాకు ఓపిక లేకపోయింది. ఖాతాకు వెళ్లి, మగ్గాల గేర్లకు వేసే చిక్కటి నూనె ఒక లీటరు పోశాను. మగ్గానికి పనికొచ్చేది కారుకు పనికిరాదా అనుకున్నాను. ఇంటికొచ్చి, గ్యారేజీలోనే పోయించానని చెప్పాను.

ఆ తర్వాత బండి మొరాయించడం మొదలుపెట్టింది. వేడెక్కితే ఇంజన్ అరిచేది, చక్రాలు కదిలేవి కావు. వంతెన ఎక్కాలంటే జారిపోయేది. "బండినేమంటం తమ్మీ, నా తొక్కుడే సక్కగ లేదు" అని అన్న తనను తానే తిట్టుకునేవాడు. నేను విని ఊరుకునేవాణ్ని. అన్న గేర్ రాడ్‌ను కిందికి దించి, కాసేపు ఆగి, ఎలాగో కదిలించేవాడు. ఏం చేస్తున్నాడో నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. అన్నకు జబ్బు చేయడానికి ముందు నెలలోనైతే అన్న కూడా దాన్ని సందు దాటించలేకపోయాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ అన్న ఛాతీ పట్టుకుని ఒరిగిపోయాడు. అంబులెన్సుకు ఫోన్ చేశాం. కానీ అన్న పెదవులు నల్లబడుతున్నాయి, ఎదురుచూసే ధైర్యం లేకపోయింది.

"కారు తియ్యి శీనూ" అంది వదిన.

"అది నడువది వదినా."

"తియ్యమంటున్ననా లేదా!"

వెనక సీట్లో వదిన ఒడిలో తల పెట్టి అన్నను పడుకోబెట్టాం. పిలిస్తే పలకడం లేదు. నేను గేర్‌ను మామూలుగా నడిపే డి మీద పెట్టి బయల్దేరాను. సందు చివర ఎప్పటిలాగే బండి ఆగిపోయింది. ఎంత తొక్కినా ఇంజన్ అరవడమే. నేను పోసిన నూనె మా అన్నను చంపుతోందని ఆ నిమిషంలో నాకు అర్థమైంది.

అప్పుడు చిన్న కుదుపుతో బండి కదిలింది. ఉధ్నా వైపు, రైలు పట్టాల మీది వంతెన కూడా జారకుండా ఎక్కేసింది. ఆసుపత్రి వాళ్లు అన్నను లోపలికి తీసుకెళ్లాక, బండి పక్కకు పెడదామని తిరిగొచ్చాను. గేర్ రెండు మీద ఉంది. డి మీద పెట్టాక నేను దాన్ని ముట్టలేదు. మళ్లీ స్టార్ట్ చేస్తే బండి అంగుళం కూడా కదల్లేదు. వాచ్‌మన్‌తో కలిసి తోయాల్సి వచ్చింది.

మర్నాడు అన్న కళ్లు తెరిచాడు. నన్ను చూసి మొదట చెప్పిన మాట ఇది: "ఏందిరా, గంతగనం తొక్కుతరా? రెండుల ఏశి జర ఆగాలె. నువ్వు ఏస్తలేవని నేనే ఏశ్న. బ్రిడ్జి కాడ గుడ నేనే పట్టుకున్న."

నాకు తెలియకుండా నా చెయ్యే వేసి ఉంటుందనుకున్నాను. వదిన ఒప్పుకోలేదు. "నీ రెండు చేతులు స్టీరింగు మీదనే ఉండె. నేను జూశ్న" అంది.

అన్న కాస్త కోలుకున్నాక, పర్వత్ పాటియాలో పాత ఆటోమేటిక్ బండ్లు చూసే మెకానిక్ దగ్గరికి కారును ఇంకో బండికి కట్టించి తీసుకెళ్లాం. గేర్‌బాక్సు విప్పితే లోపలి ప్లేట్లు కాలి ఒట్టి ఇనుము మిగిలింది. ఏ గేర్‌లోనూ ఇది కదలదన్నాడు. ఆసుపత్రి దాకా వచ్చిందని చెబితే, "భాయ్, యే చలీ కైసే?" అని, ఇదెలా నడిచిందని రెండుసార్లు అడిగాడు. తర్వాత నూనె వాసన చూసి, ఇది ఎవరు పోశారన్నాడు.

అన్న నా భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నేనే పోశ్న. మగ్గాల నూనె" అన్నాను.

అన్న నా భుజం మీంచి చెయ్యి తీసేశాడు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఒకే మాట అన్నాడు: "గిన్నొద్దులు నన్ను నేనే తిట్టుకున్న గదరా." తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు చెప్పులేసుకుని వచ్చి, "పా, గేర్‌బాక్సు మార్పిద్దాం. గీసారి నూనె పోశేటప్పుడు నీ ఎదురుంగనే నిలబడ్త" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు బండి బాగానే నడుస్తోంది. ఆ రోజు దాన్ని ఎవరు నడిపారని అడిగితే, అన్న "నేనే" అంటాడు, అందులో వింతేముందన్నట్టు. వదిన మాత్రం "మనిషి ఇంటికొచ్చిండు గద, ఇగ అడుగకు" అంటుంది. స్టీరింగు పట్టుకున్న నాకే ఇప్పటికీ జవాబు తెలియదు.