నీలం తలుపుల మోటెల్లో నా ఏడాది

ఆ మోటెల్‌ని మొదట కట్టినవాడెవడో గ్రీసు ఫొటోలు చూసి మోజుపడ్డట్టున్నాడు. గోడలన్నిటికీ తెల్లరంగు, తలుపులకు నీలం, గేటు పక్కన కుండీలో సగం ఎండిన ఆలివ్ చెట్టు. ఎదురుగా ఉన్నది మాత్రం పసిఫిక్ సముద్రం. బోర్డు మీద మెడిటరేనియన్ అని రాయించినంత మాత్రాన అది మధ్యధరా సముద్రం అయిపోతుందా? ఆ ఊళ్లో అయిపోయేది. సెలవులకి వచ్చినవాళ్లు ఆ గోడల ముందు ఫొటోలు దిగి, యూరప్ వెళ్లొచ్చినంత సంబరపడి, గదినిండా ఇసుక పోసి పోయేవాళ్లు. ఆ ఇసుక ఎత్తిపోసింది నేను.

రెండువేల ఐదు ప్రాంతంలో సంగతి. న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్ శివారు మనురేవాలో మా పెద్దమ్మ కూతురింట్లో ఉంటూ, ముసలివాళ్ల హోమ్‌లో కేర్‌గివర్‌గా చేసేదాన్ని. ముప్పై దాటిపోయాయి. చర్చిలో నాకంటే చిన్నవాళ్లు తమ పిల్లల్ని సండే స్కూల్‌కి తీసుకొస్తుంటే నేను వాళ్ల బ్యాగులు మోసేదాన్ని. నాకు పెళ్లి కావాలి. సిగ్గెందుకు, ఆ రోజుల్లో నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఒక మనిషి, నాదని చెప్పుకునే ఒక ఇల్లు, అంతే.

సంబంధం అక్కే తెచ్చింది. గుంటూరువాళ్లు, మన విశ్వాసులే, ఆక్లాండ్‌కి రెండున్నర గంటల దూరంలో సముద్రం ఒడ్డున సొంత మోటెల్. అబ్బాయికి వయసు కాస్త మీరింది. తండ్రి లేడు, పెత్తనమంతా తల్లిదే. డిసెంబర్ అంటే అక్కడ ఎండాకాలం, మోటెల్‌కి సీజన్, తాము కదల్లేమని, పిల్లనే తీసుకురమ్మని కబురు చేశారు. బయల్దేరేముందు అక్క నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

"ఆవిడని ఆంటీ అనకు. మొదటి మాటే అత్తయ్యా అను. ఇష్టం లేకపోతే, ఆంటీ అనమ్మా అని తనే సర్దుతుంది. పలికిందనుకో, ఇక ఖాయం. మా అత్తగారూ అలా పలికే ఒప్పుకుంది."

మా వైపు ఇది ఎరగనివాళ్లు లేరు. మగపెళ్లివారు మొదటిరోజే నోరు తెరిచి సరేనంటే చులకనైపోతామని, పిలుపుకి పలికి ఊరుకుంటారు. తక్కినదంతా మనమే అర్థం చేసుకోవాలి.

గేటు దగ్గర ఆవిడ తాళాలగుత్తితో ఎదురొచ్చింది. "అత్తయ్యా" అన్నాను.

"ఊఁ, చెప్పమ్మా" అంది.

పలికింది! వెనకాల అక్క నా వీపు గిల్లింది. కాఫీలు అయ్యాయో లేదో, ఆవిడ నా చేతిలో ఉతికిన దుప్పట్ల దొంతర పెట్టింది. "క్లీనర్ హ్యాండిచ్చింది. కాస్త ఆ చివరి గది చూస్తావా? మనింటి పిల్లవే కదా" అంది. మనింటి పిల్ల! ఆ మాటకి నేను కరిగి నీరైపోయాను. అక్కా బావా నన్ను అక్కడే దింపేసి వెళ్లారు. నన్ను తన గదిలోనే పడుకోబెట్టుకుంటానని ఆవిడ అన్నాక ఇంక తప్పేముంది అనుకున్నారు. హోమ్‌లో దాచుకున్న సెలవంతా అక్కడ ఊడ్చేశాను.

ఆ ఊరి ఎండాకాలం అందం గురించి నన్నడక్కండి. సింకుల్లో వాంతులు, పరుపుల కింద బీరు సీసాలు, మంచినీళ్ల గ్లాసులో నానేసిన కట్టుడుపళ్లు. ఊరంతా పొహుతుకావా చెట్లు ఎర్రగా పూసి, అబ్బ ఎంత బాగుందో అని అందరూ మెడలు పైకెత్తి నడిచేవాళ్లు. ఆ పూల ఎర్రపోగులు వాళ్ల చెప్పులకంటుకుని వచ్చి నా తెల్ల దుప్పట్ల మీద చేరేవి. ఆ చెట్టంటే నాకు ఇవాళ్టికీ ఒళ్లుమంట.

పెళ్లికొడుకుగారు ఆఫీసు గదిలో సోఫాలో పడి క్రికెట్ చూస్తుండేవాడు. నేను దుప్పట్ల బుట్టతో అటు వెళ్తే దారికి అడ్డంగా ఉన్న కాళ్లు వెనక్కి తీసేవాడు. అదీ మా ప్రణయం.

జనవరిలో అక్క ఆవిడకి ఫోన్ చేసి ప్రధానం ఎప్పుడు పెట్టుకుందామని అడిగింది. ప్రధానమంటే మాకు నిశ్చితార్థం. ఉంగరం తొడిగి పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. "సీజన్ అవనివ్వండి" అందావిడ. సీజన్ అయింది, ఈస్టర్ వచ్చింది. ఈస్టర్‌కి మళ్లీ జనం, మళ్లీ నేను. ఆ చల్లగాలిలో ఆరని తువ్వాళ్లని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాను. "ఈ రద్దీ తగ్గనివ్వండి" అంది. బావ ఒక్కడే గొణిగాడు, పెళ్లి చేస్తున్నామా పనికి పెట్టామా అని. అక్క ఆయన మీద లేచింది. పెళ్లికి ముందే అత్తగారి మనసు గెలుచుకునే అదృష్టం ఎంతమందికి ఉంటుందట!

జూలైలో వెళ్లేసరికి ఊరు పీనుగు లేచిన ఇల్లులా ఉంది. ఐస్‌క్రీమ్ షాపులు మూసేశారు, సముద్రం ఒడ్డున కుక్కల్ని తిప్పుకునే ముసలివాళ్లు తప్ప పురుగు లేదు. వానకి మోటెల్ గోడలకి లోపలా బయటా నల్లటి బూజు. బ్లీచ్ నీళ్లతో గది తర్వాత గది కడిగాను. వేళ్లు పగిలి, అన్నం కలుపుకుంటే భగ్గుమనేవి. ఆవిడ హీటర్ ముందు కూర్చుని, "మూలలు వదలకమ్మా, అక్కడే మళ్లీ పుట్టుకొస్తుంది" అనేది.

ఒకరోజు మధ్యాహ్నం అతను నన్ను కారులో సముద్రం దాకా తీసుకెళ్లాడు. ఫిష్ అండ్ చిప్స్ కొన్నాడు. అద్దాలెత్తుకుని, కాగితం పొట్లం మధ్యలో పెట్టుకుని తిన్నాం. ఎదురుగా అలలు బురద రంగులో ఉన్నాయి. పొట్లం ఖాళీ అయ్యాక, "నాకు చలికాలమే ఇష్టం. ఎవరూ రారు" అన్నాడు. ఎవరూ రాకూడదనుకునేవాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడంటే ఎంత ప్రేమో అనుకున్నాను. ఆ ముక్కనే మూడు నెలలు చప్పరించాను, వెర్రిబాగులదాన్ని.

అక్టోబర్‌లో, చలి విరిగి మళ్లీ గదులు నిండే రోజుల్లో, ఆవిడే స్వయంగా ఫోన్ చేసింది. "వెల్లింగ్టన్ నుంచి మనవాళ్లు వస్తున్నారు. బిర్యానీ చెయ్యాలి. నీ చెయ్యి మంచిది, వచ్చెయ్యి."

"పెద్దల్ని పిలిచారే! డేట్ పెట్టడానికే!" అని అక్క ఎగిరి గంతేసింది. తన గులాబీరంగు పట్టుచీర నాకిచ్చింది. నేను బస్సులో చీర ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. వంటయ్యాక కట్టుకుందామని కవర్లోనే ఉంచాను.

చీర కట్టుకునే లోపే కారొచ్చింది. వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లో ఉండే కుటుంబం. తండ్రీ తల్లీ దిగారు, వాళ్ల వెనకాల ఆకుపచ్చ చీరలో ఒకమ్మాయి. మల్లెపూలు ఎక్కడ సంపాదించారో గానీ, జడనిండా ఉన్నాయి. నేను చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"వందనాలు ఆంటీ" అంది ఆ అమ్మాయి.

"ఆంటీ ఏమిటమ్మా! అత్తయ్యా అను" అందావిడ, ఆ పిల్ల గడ్డం పట్టుకుని.

ఏడాది పొడుగునా ఆ మాట ఆవిడ నన్ను అనమనలేదు. నేనే పిలిచాను, ఆవిడ పలికింది. పలకడానికి ఏం పోయింది? ఎవరు పిలిచినా పలికేదేమో! కరివేపాకుని కూడా కూర తినేటప్పుడు తీసేస్తారు. నన్ను వడ్డించకముందే తీసేశారు.

ఆవిడ వంటింట్లోకి రాగానే, "మరి నా సంగతి?" అని అడిగేశాను.

"నీకేమమ్మా, బంగారుతల్లివి. నీకూ ఎక్కడో ఒకటి చూద్దాంలే. ముందు పెరుగుచట్నీ పంపు" అంది. ఒక్క మాట తడబడలేదు. ముందుగదిలో కొడుకు పళ్లెంలోకి చూస్తూ ముక్కలు ఏరుకుంటున్నాడు.

భోజనాలయ్యాక పెళ్లికూతురి తల్లి, చేతులు కడుక్కునే వంకతో కూతుర్ని వెంటబెట్టుకుని వంటింట్లోకి వచ్చింది. సంబంధం గురించి పనివాళ్లని వాకబు చేయడం మనకి కొత్తేమీ కాదు.

"ఇక్కడ పనిచేస్తావా అమ్మా? వీళ్లెలాంటివాళ్లు?"

అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను. నేను అత్తయ్యా అని పిలవడం, ప్రధానం వాయిదాలు, ఇసుక, బూజు, బ్లీచు, ఇవాళ బిర్యానీకి నన్ను పిలిపించడం. చేతులు తిప్పి వేళ్లు చూపించాను. ఆవిడ చివరిదాకా విని, "అయ్యో పాపం" అంది, నిజంగానే అంది. తర్వాత గొంతు తగ్గించింది.

"నీ సంగతి సరేలే తల్లీ. అబ్బాయి తాగడు కదా?"

"తాగడండీ."

"చెయ్యి చేసుకునే రకమా?"

"కాదండీ. ఆ చెయ్యి దేనికీ లేవదు."

"దేవునికి స్తోత్రం" అని ఆవిడ చీరకొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

కూతురు ఆగిపోయింది. దగ్గర్నుంచి చూస్తే తనూ నా ఈడుదే. పౌడరు కింద కళ్లచుట్టూ నలుపు, నైట్ డ్యూటీలు చేసేవాళ్లకుండే నలుపు. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడిస్తే చెయ్యి పట్టుకుని బస్టాప్‌కి లాక్కెళ్లిపోదామనుకున్నాను.

"మొత్తం ఎన్ని గదులక్కా?" అంది.

"పద్నాలుగు."

"దుప్పట్లు లాండ్రీకి ఇస్తారా, ఇంట్లోనే ఉతకాలా?"

"ఇంట్లోనే" అన్నాను.

తల ఊపింది. కుచ్చిళ్లు సర్దుకుని, తల్లి వెనకే ముందుగదిలోకి వెళ్లింది.