ట్యాంకు అంటే చెరువు

యూనివర్సిటీలో చేరిన మొదటి వారంలోనే మమ్మల్నందర్నీ కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి ఇంగ్లీషు పరీక్ష పెట్టారు. వచ్చిన మార్కుల్ని బట్టి మూడు గదులు. అసలు రాని వాళ్ళకి ఒకటి, బాగా వచ్చిన వాళ్ళకి ఒకటి, మధ్యరకం వాళ్ళకి ఒకటి. ఆ మధ్య గది పేరు ఇంటర్మీడియట్ ఇంగ్లీష్. నా నంబరు ఆ గది తలుపు మీద ఉంది.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. తర్వాత గుణదలలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను గానీ, అక్కడ లెక్కలూ ఫిజిక్సూ చేయడం తప్ప ఇంగ్లీషులో నోరు విప్పాల్సిన పని ఎప్పుడూ పడలేదు. కింది గదిలోనే వేస్తారనుకున్నాను. మధ్య గది అని తెలిసి సంతోషంగా ఇంటికి ఫోన్ చేశాను. మా నాన్న కైకలూరు అవతల చెరువులు లీజుకి తీసుకుని చేపలు పెంచుతాడు. చెరువు గట్టు మీద మోటారు చప్పుడులో ఆయనకి వినపడింది ఇంటర్మీడియట్ అన్న ఒక్క మాటే.

"ఇంటర్ పాసయ్యావు కదమ్మా, మళ్ళీ ఇంటర్ ఏంటి?" అన్నాడు.

ఆ ఇంటర్ వేరు, ఈ ఇంటర్మీడియట్ వేరు అని వివరంగా చెప్పాను. సరేలే అన్నాడు గానీ నమ్మినట్టు లేదు. సాయంత్రానికి మా పిన్ని ఫోన్ చేసి, సబ్జెక్టు ఏదైనా పోయుంటే దిగులు పడొద్దని, సప్లిమెంటరీలో గట్టెక్కొచ్చని ధైర్యం చెప్పింది. ఆవిడకి కూడా మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. తర్వాత చాలాసేపు హాస్టల్ మెట్ల మీద చికాగ్గా కూర్చున్నాను. ఇంగ్లీషు సంగతి తెలుగులో చెప్పడానికే ఇంత కష్టమైతే, తెలుగు సంగతులు ఇంగ్లీషులో ఎలా చెప్తానో అనిపించింది.

ఆ గదిలో తెలుగు మాట్లాడకూడదు. పాఠం చెప్పే మేడం చిన్నావిడే, ఎవర్నీ పల్లెత్తు మాట అనేది కాదు. ఎవరి నోట్లోంచైనా తెలుగు ముక్క జారితే నవ్వుతూ పెదాల మీద వేలు పెట్టుకునేది, అంతే. సెమిస్టరు చివర్లో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు మాట్లాడే పరీక్ష ఉంటుంది. అది పాసైతే పై గది. లేకపోతే మళ్ళీ అదే గది, అదే పుస్తకం.

రాయడంలో నాకు లోటు లేదు. ఖాళీలు పూరించమంటే క్లాసులో ముందు నాదే అయ్యేది. మాట్లాడమంటేనే వచ్చేది చిక్కు. ముందు తెలుగులో అనుకోవాలి, చివరున్న క్రియని మధ్యకి లాక్కురావాలి, దానికి కాలం సరిచూడాలి. ఇదంతా అయ్యేసరికి మేడం "నెక్స్ట్" అనేది. నా పక్కన కూర్చున్నవాడిదీ అదే తంతు. విజయవాడ వన్ టౌన్ కుర్రాడు, వాళ్ళకి అక్కడ స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఉంది. సెమిస్టరంతా మా ఇద్దర్నీ జంట చేశారు. ప్రతి సోమవారం క్లాసు ఒకే ప్రశ్నతో మొదలయ్యేది. పోయిన వీకెండ్ ఏం చేశావు? జంటలో ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి, తర్వాత అందరి ముందూ చెప్పాలి. వాడు సినిమా చూశాననేవాడు. నేను బట్టలు ఉతుక్కున్నాననేదాన్ని. ఎవరేం చెప్పినా రెండోవాళ్ళు "వెరీ నైస్" అనాలని పుస్తకంలోనే ఉంది.

వర్షాకాలంలో ఒక శనివారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, చెరువులో చేపలు పోయాయి, కుదిరితే రమ్మంది. రెండు రోజులుగా మబ్బు పట్టి ఎండ మొహం లేదు. ఎండ లేకపోతే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. అలాంటప్పుడు మోటార్లతో నీళ్ళు తిరగబొయ్యాలి. కరెంటు పోయింది, డీజిలు ఇంజను అందుకోలేదు. నాన్నా కూలీలూ పడవలేసుకుని తెల్లవారేదాకా తెడ్లతో నీళ్ళు బాదారట. గుడివాడలో బస్సు మారి నేను వెళ్ళేసరికి గట్టు పొడుగునా తెల్లటి పొట్టలు తేలి ఉన్నాయి. శీలావతులూ బొచ్చెలూ, ఇంకో పది రోజుల్లో పట్టుబడి చేసి అమ్మాల్సినవి. కూలీలు వలల్తో లాగి ఒడ్డున పోస్తున్నారు, పక్కన జేసీబీ గొయ్యి తీస్తోంది. గోతిలో చల్లే సున్నంతో నాన్న చేతులు మోచేతుల దాకా తెల్లబడ్డాయి. నన్ను చూసి, "బస్సులో ఏమన్నా తిన్నావా?" అని అడిగాడు. ఆదివారం సాయంత్రానికి పూడ్చడం అయింది. సోమవారం తెల్లారగట్ల బస్సెక్కి నేరుగా క్లాసుకి వెళ్ళాను. తలస్నానం చేసినా జుట్టులోంచి ఆ వాసన పోలేదు.

వాడు మామూలుగానే అడిగాడు. ఆ రోజు బట్టలు ఉతుక్కున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా వైపు చేపల చెరువుని ట్యాంకు అని కూడా అంటారు. ఇంగ్లీషు మాటే కదా, ఇంగ్లీషు వాళ్ళకీ అదే అర్థం అనుకున్నాను.

"ఇన్ అవర్ ట్యాంక్, ఆల్ ఫిషెస్ డైడ్," అన్నాను.

వాడు అలవాటు కొద్దీ "వెరీ నైస్" అనేశాడు. వెనకబెంచీలో ఎవరో నవ్వారు. మేడం మాత్రం నిజంగానే జాలిపడింది. నీకు అక్వేరియం ఉందా, పాపం, ఎంత ముద్దుగా ఉండేవో అన్నట్టు ఇంగ్లీషులో అని, ఫిషెస్ కాదమ్మా, ఫిష్ అనాలి అని దిద్దింది.

"నో మేడం, బిగ్ ట్యాంక్," అన్నాను.

ఎంత పెద్దది అని అడిగింది.

"ట్వెంటీ ఏకర్స్."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఏకర్స్ కాదు, లీటర్స్ అనాలేమో అని మేడం నెమ్మదిగా సరిచేసింది. నాకు కళ్ళు మండుతున్నాయి. "చెరువు మేడం, చేపల చెరువు" అన్నాను తెలుగులో. మేడం ఎప్పటిలాగే నవ్వుతూ పెదాల మీద వేలు పెట్టుకుంది. కూర్చున్నాను.

క్లాసయ్యాక వాడు క్యాంటీన్‌కి వెంట వచ్చి, ఇందాక ఏం చెప్పబోయావని అడిగాడు. చెప్పాను. తెలుగులో చెప్పడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. వాడు గ్లాసు కింద పెట్టేసి, "నేను వెరీ నైస్ అన్నాను," అన్నాడు. పుస్తకంలో ఉన్నదే అన్నావులే అన్నాను గానీ, నా కోపం ఎవరి మీదో నాకే తేలలేదు.

మర్నాడు వాడే వెళ్ళి మేడంకి విషయం చెప్పాడు. ఆవిడ నన్ను పిలిచి, ఇంగ్లీషులోనే, తెలియక అన్నానని, చాలా బాధగా ఉందని చెప్పింది. తర్వాత ఇది మంచి టాపిక్ అని, మాట్లాడే పరీక్షకి దీన్నే తయారు చేసుకోమని సలహా ఇచ్చింది. మంచికే చెప్పింది. మా చెరువు ఆవిడకి టాపిక్ అయినందుకు ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. అయినా తయారు చేసుకున్నాను. ట్యాంక్ తీసేసి పాండ్ అని పెట్టాను. గట్టుకీ తెడ్డుకీ సున్నానికీ మాటలు వెతుక్కున్నాను. వరండాలో వాడికి అప్పజెప్పి, వాడు తలూపేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఎవరూ ఈసారి నవ్వకూడదని నా పంతం.

పరీక్ష రోజు ఎగ్జామినర్ గారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ కాసేపు విన్నారు. నేను చెప్పేది మోటార్ల దాకా వచ్చేసరికి చెయ్యెత్తి ఆపేశారు. బట్టీ పట్టి వచ్చావు, అలా వద్దు, మామూలుగా మాట్లాడు అన్నారు. అప్పుడు నీకేమనిపించింది అని అడిగారు.

అది నేను తయారు చేసుకోలేదు. మా ఇంట్లో ఎవర్నీ ఎవరూ నీకేమనిపించిందని అడగరు. తిన్నావా అని అడుగుతారు. నాన్న అడిగింది అదే, అందులోనే అంతా ఉంది. ఆ సంగతి తెలుగులో చెప్పాలన్నా నాకు కొంతసేపు పట్టేది.

"వెరీ శాడ్ సర్," అన్నాను.

ఎందుకు అన్నారు.

"ఫిష్ డైడ్ సర్."

ఆయన తలూపి ఏదో రాసుకున్నారు. నేను పాస్ కాలేదు. వాడు తన అభిమాన హీరో గురించి చెప్పి పై గదికి వెళ్ళిపోయాడు. తర్వాత వారం రోజులు ఎదురుపడితే తప్పు చేసినవాడిలా పక్కకి చూసేవాడు.

నేను స్టాఫ్ రూముకి వెళ్ళి మేడంని తెలుగులోనే అడిగాను. చెప్పిందాంట్లో ఒక్క తప్పు కూడా లేదు కదా, ఎందుకు పోయింది అని. ఆవిడ చుట్టూ చూసి మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది.

"తప్పుల్లేవమ్మా. కానీ ధారగా మాట్లాడలేదని రాశారు. మార్చడం నా చేతిలో లేదు."

"తెలుగులో అయితే ధారగానే చెప్తాను మేడం."

"తెలుసమ్మా," అంది. మరి ఇప్పుడు చెరువులో చేపపిల్లలు వేశారా అని అడిగింది. సగం చెరువుకే వేశాం, మిగతా సగం లీజు వదిలేశాం అని చెప్పాను. ఆవిడ పని మానేసి కూర్చుని అంతా విన్నది. అదే ఆ క్లాసులో విని ఉంటే అనుకుంటూ బయటికి వచ్చాను.

మరుసటి సెమిస్టరు అదే గదిలో అదే పుస్తకం మొదటి పేజీ నుంచి తిప్పాను. ఈసారి వచ్చిన ఎగ్జామినర్ విజయవాడ ట్రాఫిక్ గురించి చెప్పమన్నారు. ఆటోలు ఎక్కువ, రోడ్లు ఇరుకు, రైల్వే గేటు పడితే కాలేజీకి ఆలస్యం, ఫ్లైఓవర్లు వస్తే బాగుంటుంది అని చెప్పాను. ఒక్కచోట కూడా తడబడలేదు. తడబడాల్సినంత మాట అందులో ఏదీ లేదు. ఆయన "ఎక్సలెంట్" అన్నారు.

ఫలితం వచ్చినప్పుడు హాస్టల్ పిల్లలు పార్టీ అడిగారు. కింద బండి దగ్గర అందరికీ పునుగులు ఇప్పించాను. పై గదికి వెళ్ళానని నాన్నకి ఫోన్ చేస్తే, అక్కడ ఏం నేర్పుతారమ్మా అని అడిగాడు. ఇంకా మాట్లాడటమే నేర్పుతారు నాన్నా అన్నాను. నా గొంతులో విసుగు ఆయనకి తెలిసిపోయినట్టుంది, ఇంకేమీ అడక్కుండా మేత లారీ వచ్చిందని పెట్టేశాడు.