లెచ్చుమి చుట్టిన రాగి తీగ

మా చెల్లెలు విజయలెచ్చుమి మలేసియాలోని బంటింగ్‌లో స్పీకర్లు చేసే ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు రాగి తీగ చుట్టింది. వెంట్రుక కన్నా సన్నని తీగ. ఫ్యాక్టరీ మూతపడ్డాక, యాభై మూడో ఏట, కౌలాలంపూర్‌లోని ఒక ప్రయోగశాల వాళ్లు ఆ పనికే పిలిచారు. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. ఖాయం కాకపోతే మొగుడితో సహా కూతురింట్లో కూర్చుని అల్లుడి ఉపన్యాసాలు వినాలి. దానికన్నా జైలు నయం.

అక్కడ గోరంత వజ్రపు ముక్క ఉంది. అందులో కంటికి ఆననిది ఒకటుంది, క్వాంటం కంప్యూటర్ లెక్కలకు వాడేది, దాని పేరు క్యూబిట్. లెచ్చుమి చుట్టిన తీగలో సిగ్నల్ పంపితే, ఆ అయస్కాంతపు తాకిడికి అది తలకిందులవుతుంది. మళ్లీ పంపితే లేచి నిలబడుతుంది. మా ఇంటి మగవాళ్లలో అంత మాట వినేవాడిని నేను చూడలేదు.

మూడో నెలలో లెచ్చుమిని వజ్రం పక్కనే కూర్చుని తీగ సర్దమన్నారు. ఆ రోజు నుంచి క్యూబిట్ మొండికేసింది. ఆమె టీకి వెళితే బుద్ధిగా తిరుగుతుంది, వచ్చి వంగితే కదలదు.

అక్కడి పెద్ద సైంటిస్టు డాక్టర్ తివ్య. మన తెలుగుపిల్లే, ముప్పై ఏళ్లుంటాయి, మాట చివర మలేసియా వాళ్ల 'లా' తగిలిస్తుంది.

"ఆంటీ, ఒంటి మీద మెటల్ అంతా తీసేయండి లా."

"గాజులు తీసినాను. ఇంకేటి తియ్యాల?"

తివ్య మెడ వైపు వేలు చూపించింది.

"మొగుడు బతికుండగా తాళి తియ్యమంటావేటి? మీ అమ్మతో అనగలవా ఈ మాట?"

"తియ్యకపోతే ఇక్కడ కూర్చోలేరు ఆంటీ. కూర్చోకపోతే కన్‌ఫర్మ్ ఎలా చేస్తాను?"

లెచ్చుమి లేవలేదు. "ఓ మేగ్నెట్ తే" అంది. వజ్రానికి దూరంగా జరిగి, అయస్కాంతాన్ని గొలుసు పొడవునా నడిపించింది. బంగారం కదలలేదు. కిందికి రాగానే, గొలుసుకు గుత్తిగా తగిలించుకున్న ఏడు పిన్నీసులూ టప్పున అతుక్కున్నాయి. ఎప్పుడు ఏ గుడ్డ జారుతుందోనని మా ఆడవాళ్లందరం అక్కడే పెట్టుకుంటాం.

తివ్య పిన్నీసులు వేలితో లెక్కపెట్టింది. "మా అమ్మకి తొమ్మిది" అంది.

పిన్నీసులు పక్కగదికి పోయాయి. తాళి మెడలోనే ఉంది. సిగ్నల్ పంపారు. క్యూబిట్ తిరిగింది. సాయంత్రం దాకా పంపుతూనే ఉన్నారు, అది తిరుగుతూనే ఉంది.

శుక్రవారం ఖాయం చేసిన కాగితం ఇచ్చారు. లెచ్చుమి సంతకం పెట్టి, కలం మూసి, "కన్‌ఫర్మ్ అయినోళ్లకి లీవుంటాది కదా?" అంది.

"ఉంది ఆంటీ."

"అయితే సోమారం నాను రాను."