ఈశాన్యంలో బావి, వాయవ్యంలో గుంట

1967లో నన్ను శానిటరీ ఇన్‌స్పెక్టరుగా దిల్‌సుఖ్‌నగర్ వైపు వేశారు. నా హద్దు కొత్తపేటతో మొదలై, సరూర్‌నగర్ చెరువు గట్టు చుట్టి, ఇప్పుడు ఎల్‌బీ నగర్ అంటున్న చోట విజయవాడ రోడ్డు దగ్గర ముగిసేది. మధ్యలో ద్రాక్ష తోటలు, బండరాళ్లు, అక్కడక్కడా కొత్తగా ముగ్గు పోసిన ఇళ్ల స్థలాలు. ప్రభుత్వం నాకిచ్చినవి ఒక టేపు, బ్లీచింగ్ పౌడరు డబ్బా, నీటి నమూనాలకు రెండు గాజు సీసాలు, ఒక రబ్బరు ముద్ర. సైకిలు మాత్రం నాదే.

శానిటరీ ఇన్‌స్పెక్టరంటే జనం దృష్టిలో మురిక్కాలువల మనిషి. కానీ ఇల్లు కట్టుకునే ప్రతివాడూ ఏదో ఒక రోజు నా దగ్గరికి రావాల్సిందే. ప్లానులో గోడలు, కప్పు చూసేది ఓవర్సీరు. బావి, మరుగుదొడ్డి, దాని నీళ్లు ఇంకే గుంట చూసేది నేను. నా ముద్ర పడితేనే కాగితం పై అధికారి బల్ల మీదికి వెళ్లేది. నిబంధన చాలా చిన్నది: బావికీ ఇంకుడు గుంటకూ మధ్య యాభై అడుగులుండాలి. టేపు పట్టడం, ముద్ర కొట్టడం. పని చకచకా చేస్తానని ఆఫీసులో పేరుండేది. ఆ పేరు చూసుకుని నేనూ కొంచెం మురిసేవాణ్ణి.

కొత్తపేట దాటాక చెరువు వైపు ఒక చిన్న కాలనీ లేచింది. అక్కడ కాంట్రాక్టరు ఊసే లేదు. అందరూ చిరుద్యోగులు. ఆదివారం వస్తే మగవాళ్లు పలుగు పట్టేవారు, ఆడవాళ్లు ఇటుకలు తడిపేవారు. గోడ వంకర పోకుండా గుండు దారం వేలాడదీసుకోవడం, పునాది మట్టానికి రబ్బరు గొట్టంలో నీళ్లు పోసి రెండు కొసలా చూసుకోవడం ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. సొంతంగా కట్టుకునేవాడి పనిలో శ్రద్ధ ఎక్కువ. అయితే వాడి శ్రద్ధంతా కంటికి కనబడేదాని మీదే ఉంటుంది. గచ్చు నునుపు నాలుగుసార్లు తడిమి చూస్తాడు. నేల లోపల నీళ్లు ఎటు పోతాయో ఆలోచించడు. ఆలోచించవలసింది నేను.

అక్కడ మొదట ఇల్లు కట్టినవాడు సుబ్బారావు గారు. తెనాలి దగ్గరి మనిషి, ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. చేతిరాత అచ్చు వేసినట్టుండేది. తన ప్లాను తానే గీసుకున్నాడు. వాస్తు ప్రకారం ఈశాన్యం మూల బావి, వాయవ్యం మూల మరుగుదొడ్డి. స్థలం వెడల్పు అరవై అడుగులు గనుక రెండింటి మధ్యా యాభై అడుగులు దక్కాయి. బావి తవ్విన వారం నన్ను పిలిచి లోపలికి వంగి చూడమన్నాడు.

“పధ్నాలుగు అడుగులకే ఊటండీ! బండ చీలికలోంచి ఎలా చిమ్ముతోందో చూడండి. మా వైపు ఇసకలో బావులే చూశాను గానీ, రాతిలోంచి నీళ్లు రావడం ఇదే చూడ్డం” అన్నాడు సంబరంగా. నేనూ సంబరపడి ముద్ర వేశాను.

మరుసటి సంవత్సరం, ఆయనకు తూర్పున ఆనుకుని ఉన్న స్థలంలో దేవదానం ఇల్లు మొదలుపెట్టాడు. సూర్యాపేట వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. బస్సు డిపోలో మెకానిక్కు. తండ్రి రాళ్లు కొట్టే మనిషి కావడంతో బండ సంగతి దేవదానానికి పుట్టుకతో తెలుసు. అతనూ భార్య మార్తమ్మా కలిసి పునాది నుంచి కప్పు దాకా తామే లేపారు. ప్లాను గీయించుకోవడానికి ఎక్కడికో పోబోతుంటే సుబ్బారావు గారే పిలిచి, పైసా పుచ్చుకోకుండా గీసిచ్చాడు. ఆ కాలనీలో అలా ఆయన గీసిన ప్లానులు చాలా ఉన్నాయి. సాయం చేసే గుణం ఆయనకు నిజంగా ఉండేది. ఈ మాట ముందే చెప్పడం న్యాయం.

గుంట తవ్వడం అయ్యాక చూడడానికి వెళ్లాను. ఇంకుడు గుంటను పరీక్షించే పద్ధతి ఒకటుంది. అడుగున చిన్న గొయ్యి తీసి నీళ్లు పోసి, ఎంతసేపటికి అంగుళం దిగుతుందో గడియారం పట్టుకుని చూడాలి. బంకమట్టిలో అయితే పూట పడుతుంది. దేవదానం గుంటలో నా గడియారం తీసేలోపే నీళ్లు మాయమయ్యాయి.

“నెర్రె తగిలింది సార్ బండల. బిందె పోస్తే బిందె గుంజుకుంటది. గింత మంచి గుంట కాలనీల ఎవ్వరికి లేదు” అన్నాడు.

నేను భుజం తట్టి ముద్ర వేశాను. నేల మరీ నెమ్మదిగా తాగితే ప్రమాదమని మాకు శిక్షణలో చెప్పారు. మరీ తొందరగా తాగితే ఇంకా ప్రమాదమనీ చెప్పారు. మొదటిది గుర్తుంది, రెండోది గుర్తు రాలేదు.

1969 వేసవికి, ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో, నగరం పరిస్థితి అందరికీ తెలిసిందే. బస్సులు తిరిగితే తిరిగినట్టు, లేకపోతే లేనట్టు. ఆఫీసులు సగం ఖాళీ. దేవదానం డిపోవాళ్లతో కలిసి ఊరేగింపుల్లో నడిచేవాడు. సుబ్బారావు గారి గేటు మీద ఎవరో బొగ్గుతో వెళ్లిపొమ్మని రాశారు. ఎవరు రాశారో ఎవరూ చూడలేదు. అప్పటిదాకా గోడ మీదుగా పలుగూ పారా ఇచ్చిపుచ్చుకున్న రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి.

అదే నెలలో సుబ్బారావు గారి తొమ్మిదేళ్ల కూతురు పద్మకు జ్వరం పట్టుకుంది. టైఫాయిడ్ అన్నాడు డాక్టరు. బావి నీళ్లు వాసన వేస్తున్నాయని తల్లి సీతామహాలక్ష్మి గారు గమనించింది. నేను వెళ్లేసరికి సుబ్బారావు గారు ఒక కాగితం సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. పోలీసులకు ఫిర్యాదు. పక్కింటి దేవదానం, ఉద్యమం కక్షతో, గోడ మీదుగా తమ బావిలో ఏదో కలిపాడని అచ్చులాంటి అక్షరాలతో రాసి ఉంది.

“మీరు నీళ్లు చెడ్డాయని కింద సంతకం చేయండి చాలు. మిగతాది వాళ్లు చూసుకుంటారు. మీరూ ఈ వైపు వారే, నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. నా పిల్ల చచ్చిపోతోందండీ” అన్నాడు.

మాది నల్గొండ జిల్లా. సంతకం చేస్తే ఆ రోజుల్లో దేవదానాన్ని ఆ సాయంత్రమే పట్టుకుపోయేవారు. చేయకపోతే నా ప్రాంతం వాణ్ణి నేను కాపాడుకున్నానని ఈయన జీవితాంతం నమ్ముతాడు. ఏది చేసినా లోపల మంచం మీదున్న పిల్ల తాగేది ఆ నీళ్లే. నాకు నిజంగా భయం వేసింది.

నీళ్లు పరీక్షకు పంపుదామంటే సీసాను ఐసులో పెట్టి కొన్ని గంటల్లో ప్రయోగశాలకు చేర్చాలి. ఐసు లేదు, బస్సు లేదు, ప్రయోగశాల తెరిచి ఉందో లేదో చెప్పేవాడు లేడు. ముందు బ్లీచింగ్ పౌడరన్నా వేద్దామని బావి గట్టెక్కాను. ఎక్కాక మొదటిసారి గోడకు అవతల చూశాను. సరిగ్గా నా కాళ్ల ఎదురుగా, దేవదానం గుంట మీద కప్పిన షాబాద్ బండలు కనిపించాయి.

రెండు ప్లానులూ నా కళ్ల ముందు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. పడమటివాడి ఈశాన్యమూ తూర్పువాడి వాయవ్యమూ ఒకే గోడకు ఇటూ అటూ. ఇద్దరూ శాస్త్రం తప్పలేదు. ఎవరి కాగితం మీద చూసినా యాభై అడుగులున్నాయి. గోడ మీదుగా టేపు వేశాను. తొమ్మిది అడుగులు.

పైగా ఒకడు ఊట తగిలిందని మురిశాడు, ఇంకొకడు నెర్రె తగిలిందని మురిశాడు. రెండు శుభవార్తలూ విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అది ఒకే చీలిక కావచ్చని నాకు తట్టలేదు. వేసవిలో బావి నీరు అడుగంటుతుంది కనుక చీలికలోని నీళ్లన్నిటినీ తనవైపు లాగుతుంది. అందుకే అన్నాళ్లూ లేని వాసన ఇప్పుడొచ్చింది.

అయితే ఇదంతా నా ఊహ. సుబ్బారావు గారిని నమ్మించాలంటే కళ్లకు కట్టాలి. దీనికి మా వృత్తిలో మోటు పరీక్ష ఒకటుంది. గుంటలో కిరోసిన్ పోసి, పైన నీళ్లు కుమ్మరించి, బావిలో వాసన వస్తుందేమో చూడటం. ఆ రాత్రికి పిల్లకు నీళ్లు బాగా కాచి పట్టమని చెప్పి, మర్నాడు పొద్దున్నే దేవదానం ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను. ఫిర్యాదు సంగతి కూడా దాచలేదు.

అతను “నేను మందు కలిపిన్నా సార్? గా పోరి మా ఇంట్ల ఆడుకుంటుండె” అన్నాడు. మళ్లీ తనే, “పొయ్యుండ్రి. తప్పు నాదైతే నాదే” అన్నాడు. అంగళ్లు మూసి ఉన్నాయి. మార్తమ్మ స్టౌలో మిగిలిన కిరోసిన్ వంచి సీసాలో పట్టి ఇచ్చింది.

ఎనిమిది గంటలకు సుబ్బారావు గారిని నిలబెట్టి ఆయన ఎదుటే పోశాను. పది బిందెల నీళ్లు దేవదానమే తెచ్చి కుమ్మరించాడు. ఆ తర్వాత అరగంటకోసారి బావిలోంచి చేద లాగి వాసన చూశాం. తొమ్మిదికి లేదు, పదికి లేదు. పదకొండు కాబోతుండగా చేదలోని నీళ్ల మీద సన్నగా రంగుల తెర తేలింది. సుబ్బారావు గారు ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దించేశాడు.

“అంటే వీళ్ల దొడ్డి నీళ్లేగా మేం తాగింది! చూశారా, చూశారా! కలపలేదంటే కలపలేదా? అక్కడ తవ్వమని ఎవడు చెప్పాడు వీడికి?” అని అరిచాడు.

దేవదానం ఇంట్లోకి వెళ్లి చుట్టచుట్టిన కాగితం తెచ్చి గోడ మీద పరిచాడు. అచ్చులాంటి అక్షరాలు. వాయవ్యం మూలన నల్ల సిరాతో గుంట. “ఆగ్నేయం దిక్కు చెరువుకు వాలు ఉన్నది, ఆడ తవ్వుత అన్న. ఆడ వద్దు, మీ ఇంటికి మంచిది గాదని మీరే జెప్పిన్రు గద పంతులూ. మా మంచికే జెప్పిన్రని తవ్విన” అన్నాడు. గొంతు పెంచలేదు.

ఆ గుంట బొమ్మ పక్కనే నీలం రంగులో నా ముద్ర ఉంది. సుబ్బారావు గారు తన అక్షరాలు చూశాడు, నేను నా ముద్ర చూశాను. తలెత్తే ధైర్యం ఇద్దరికీ చాలలేదు. చాలాసేపటికి ఆయన జేబులోంచి ఫిర్యాదు తీసి నాలుగు మడతలు పెట్టి, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు.

అసలు చిక్కు అప్పుడే మొదలైంది. కొత్త గుంట తవ్వి, పాతది పూడ్చి, ఈ బావి నీళ్లన్నీ తోడిపోసి మందు వేసేదాకా అందులో చుక్క ముట్టకూడదు. చుట్టుపక్కల మంచి బావి ఒక్కటే, దేవదానానిది. అదీ ఈశాన్యం మూలనే ఉన్నా, దానికి తూర్పున ఇంకా ఖాళీ స్థలమే. పిల్ల పడకేసిన రోజు నుంచీ మార్తమ్మ బిందె తెచ్చి గోడ మీద పెడుతూనే ఉందనీ, ఎందుకులెమ్మని సీతామహాలక్ష్మి గారు తిప్పి పంపుతూనే ఉందనీ అప్పుడు తెలిసింది. గొడవల వల్ల కాదు. దేవదానం వాళ్లు తమ పల్లెలో ఏ వాడ నుంచి వచ్చారో ఆ ఇంట్లో తెలుసు. పలుగూ పారా గోడ దాటాయి గానీ నీళ్లు దాటలేదు.

నేను చెప్పవలసింది అధికారిగా చెప్పాను: పిల్ల బతకాలంటే ఆ బావి నీళ్లే కాచి పట్టండి. సుబ్బారావు గారు భార్య వైపు చూశాడు. ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. ఖాళీ బిందె తీసుకుని, గేటు దాటి, రోడ్డు మీదుగా చుట్టి తిరిగి దేవదానం వాకిట్లోకి వచ్చింది.

మార్తమ్మ బావి దగ్గరే నిలబడి ఉంది. చేంతాడు చేతిలో ఉంది. ఇద్దరి మధ్యా నాలుగడుగులు. “తోడుకుంటరా అమ్మా, తోడి పొయ్యాల్నా?” అని అడిగింది.

“నువ్వే పొయ్యి మార్తమ్మా” అంది సీతామహాలక్ష్మి గారు, బిందె కింద పెట్టి.

ఆ ఆదివారం కొత్త గుంట తవ్వారు. సుబ్బారావు గారు ఆగ్నేయానికి చివరిదాకా ఒప్పుకోలేదు, తన ఇల్లు కాకపోయినా సరే. బేరమాడి దక్షిణం మధ్యకు జరిపించి, తానే పలుగు పట్టాడు. ఈసారి బండ తగలకముందే ఆపాం. అడుగున మూడడుగుల ఇసుక పరిచి, ఆపైన ఇటుక ముక్కలు నింపాం. పద్మ లేచి తిరగడానికి నెలన్నర పట్టింది. జుట్టంతా రాలిపోయింది. తర్వాత మళ్లీ వచ్చింది.

నేను హెల్త్ ఆఫీసరుకు నివేదిక రాశాను. రెండు ప్లానులూ నేనే ఆమోదించాననీ, పక్క స్థలం చూడలేదనీ అందులో ఒక వాక్యం ఉంది. ఎవరూ అడగని మాట ఎందుకు రాయడమని, కొట్టేయమని ఆయన మంచిగానే చెప్పారు. కొట్టేయలేదు. నా సర్వీసులో వచ్చిన ఏకైక మెమో అదే.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, నాలుగు పక్కలా ఇరుగుపొరుగు బావులూ గుంటలూ గీయని ప్లాను మీద నేను ముద్ర వేయలేదు. జనం విసుక్కున్నారు, ఆఫీసులో నా చురుకుతనం పేరు పోయింది. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇప్పటికీ చెప్పేది ఇదే: మీ కాగితం సరిగా ఉంటే చాలదు, గోడ ఎక్కి అవతల చూడండి. గుంట తవ్విన మనిషి సంతోషంగా ఏదైనా చెబితే, మెచ్చుకునే ముందు ఎందుకని అడగండి. నేను అడగని ఆ ఒక్క ప్రశ్న ఖరీదు ఒక పిల్ల నెలన్నర మంచం మీద పడుకుని కట్టింది.