మామ్మ తెప్పకి పడని రెండో గేరు

కొత్త బండికి ఒక వాసన ఉంటుంది. సీట్ల మీద ఇంకా చింపని ప్లాస్టిక్ కవరు, ఎండకి వేడెక్కిన రబ్బరు, తలుపు సందుల్లో మిగిలిపోయిన పూజనాటి సాంబ్రాణి, వాటన్నిటి కింద, ఎంత కడిగినా మొదటి వారంలోనే వచ్చి కూర్చునే చేపల ఐసు నీళ్ళ వాసన. మొన్న ఉదయం హార్బరులో సరుకు ఎత్తుకుని, పక్క సీట్లో మా అయ్యని కూర్చోబెట్టుకుని, గాజువాక మార్కెట్టుకి వెళ్తూ పోర్టు రోడ్డు మీద వంతెన ఎక్కుతుంటే, వేసిన రెండో గేరు టక్కుమని ఊడి వచ్చేసింది. మళ్ళీ లాగాను, మళ్ళీ ఊడింది. వెనకాల లారీవాడు హారన్ మీంచి చెయ్యి తియ్యడు. కొని నెల తిరగని పికప్పు ఇలా చేస్తే ఎవరికైనా ఒళ్ళు మండాలి. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఎందుకంటే నా నోట్లోంచి ఊడిపడ్డ తిట్టు నాది కాదు, నా చిన్నప్పుడు మా అయ్య తన కొత్త బండిని తిట్టిన తిట్టు, అక్షరం పొల్లుపోకుండా.

అప్పుడూ మేం మల్కాపురంలోనే ఉండేవాళ్ళం. ఉతికి ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగా ఉండాలని మా ఇంట్లో ఎవరూ ఆశపడలేదు. గాలి ఒకవైపు నుంచి వీస్తే ఓడలకెక్కించే ఖనిజం దుమ్ముతో ఎర్రబడేది, ఇంకోవైపు నుంచి వీస్తే బొగ్గు పొడితో నల్లబడేది, మా అమ్మ దండెం దగ్గర నిలబడి గాలికే శాపనార్థాలు పెట్టేది. పొద్దున్నే సోడి అంబలి, అదే రాగిజావ, అందులోకి పచ్చి ఉల్లిపాయ. వేసవిలో వేట ఆపిన రోజుల్లో మగాళ్ళందరూ గుమ్మాల్లో కూర్చుని వలలు బాగుచేస్తుంటే, ఇళ్ళన్నిట్లోంచీ మామిడికాయ వేసిన ఎండు నెత్తళ్ళ కూర వాసన ఒకేసారి లేచి వీధిలో కలుసుకునేది. మార్గశిరంలో గురువారాలు వన్ టౌన్‌లో అమ్మవారి గుడికి వెళ్ళి, క్యూలో నా తలమీద ఎవరెవరివో పసుపు చేతులు పడి, వచ్చేటప్పటికి నా జడ కూడా పచ్చగా ఉండేది.

మా మామ్మ, అంటే అయ్య తల్లి, చేపల గంప నెత్తినెట్టుకుని వీధి వీధి తిరిగి అమ్మేది. బేరం కుదరని వాళ్ళని ఆమె చూసే చూపుకి, బేరమాడిన పాపానికి వాళ్ళే ఇంకో చేప ఎక్కువ కొనేవాళ్ళు. మధ్యాహ్నం ఇంటికొచ్చి అరుగు మీద కాళ్ళు చాపుకుని అడ్డచుట్ట కాల్చేది, నిప్పు నోటి లోపలికి పెట్టుకుని. నోరు కాలదా మామ్మా అని అడిగితే, ‘నా నోటికి నిప్పే బయపడతాదే’ అనేది. నిజమే అనుకునేదాన్ని నేను.

ఆ నిప్పుకి భయపడని మనిషి ఒక్క సముద్రానికే భయపడేది. మా తాత ఒక గాలివానలో తెప్ప మీద వెళ్ళి తిరిగి రాలేదు. వల మాత్రం ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఆ వలని మామ్మ ఎవరికీ ఇవ్వలేదు, అమ్మలేదు, ఇంటి దూలానికి వేలాడదీసింది. గాలేసినప్పుడల్లా దాని అంచునున్న సీసం గుండ్లు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యేవి, ఆ చప్పుడు వింటూ మేం నిద్రపోయేవాళ్ళం. అయ్య బోటెక్కిన ప్రతిసారీ ఆమె అన్నం ముట్టేది కాదు. ఎవరు పలకరించినా ఒకటే మాట: ‘నా కొడుకు గట్టు మీదే ముసిలోడైపోవాల. ఇంకేటీ ఒద్దు నాకు.’ ఏళ్ళ తరబడి పోరి పోరి, చివరికి అయ్య చేత బోటు మాన్పించి, పికప్పు బండి కొనిపించింది. హార్బరు నుంచి గాజువాకకి చేపలు తోలడం ఆయన కొత్త పని.

బండి వచ్చిన రోజు మా వీధికి పండగే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మా అయ్య దాన్ని పొద్దున కడిగి, మధ్యాహ్నం తుడిచి, సాయంత్రం మళ్ళీ కడిగాడు. బంతిపూల దండ వేసి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, కొబ్బరికాయ కొట్టారు. మా పిల్లమూకంతా ఇసకలో పప్పు గుత్తి పాతి అదే గేరు రాడ్డని, ముందుకీ వెనక్కీ లాగుతూ, నోటితోనే ఇంజనై, భోజనానికి పిలిచినా బండి దిగలేదు. అందరూ దాన్ని బండి అంటే మామ్మ ఒక్కతే తెప్ప అంది. పోయేదాకా తెప్ప అనే అంది. పూజయ్యాక ‘సిటికిసేపు నానొక్కద్దాన్నే కూకుంతాను’ అని లోపలికెక్కి తలుపేసుకుంది. అద్దంలోంచి తొంగిచూసిన మమ్మల్ని కళ్ళతోనే తరిమేసింది. కొడుకు నేల మీదికొచ్చిన సంతోషమని మేం అనుకున్నాం.

మర్నాడే మొదలైంది పేచీ. ముందుకి తోసే గేర్లు, అంటే ఒకటీ మూడూ, బాగానే పడేవి. వెనక్కి లాగే రెండోది చివరిదాకా వచ్చినట్టే వచ్చి, ఎత్తు ఎక్కేటప్పుడు సరిగ్గా టక్కుమని ఊడిపోయేది. మా అయ్యకి కోపం ముక్కు మీదే. బండి అమ్మినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తే, దాన్ని పైకెత్తి, కింద దూరి, ఆయిలు చూసి, క్లచ్చి చూసి, ‘కొత్త గేర్లు కదండీ, తిరగ్గా తిరగ్గా సర్దుకుంటాయి’ అని పంపేశారు. అయ్య ఎడమచేత్తో ఆ రాడ్డుని అదిమి పట్టుకుని, కుడిచేత్తోనే స్టీరింగు తిప్పుకుంటూ తోలేవాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. అమ్మ వాటికి కొబ్బరినూనె రాస్తుంటే పళ్ళు బిగపట్టి బండిని తిట్టేవాడు.

పక్కింటి నరసింగు మావ, అయ్యతో బోటు మీద పనిచేసినవాడు, ఒక సాయంత్రం బండి చుట్టూ తిరిగి తేల్చేశాడు: ‘గేరూ నేదు గీరూ నేదు బావా. దిష్టి తగిలీసినాది.’ ఆ మాట మామ్మ చెవిన పడింది. వెంటనే ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసి, వీధంతా దగ్గేట్టు చేసి, మళ్ళీ బండెక్కి తలుపేసుకుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ మర్నాటి నుంచి నాలుగో గేరు కూడా ఊడటం మొదలెట్టింది.

మార్కెట్టులో చేపకి ఓపిక ఉండదు. బండి వంతెన దగ్గర మొరాయించినప్పుడల్లా ఐసు కరిగేది, అయ్య చేరేసరికి కొనేవాళ్ళు ఇంకొకరి బండి దగ్గర గుమిగూడి ఉండేవాళ్ళు. వేట మళ్ళీ మొదలయ్యే రోజులొచ్చాయి. నరసింగు మావ తన బోటులో మనిషి కావాలన్నాడు. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని అయ్య, మామ్మ వైపు చూడకుండానే, ‘ఈ బండి ఎవలికో ఒకలికి ఇచ్చీసి నాను బోటెక్కీస్తాను’ అన్నాడు. మామ్మ తన కంచం పక్కకి తోసేసింది. దూలానికున్న వల వైపు చూడ్డానికే నాకు భయమేసింది. మా అయ్య వెళ్తే ఆయన వల కూడా అలాగే వస్తుందేమో అనుకున్నాను.

బోటెక్కాల్సిన పొద్దున అయ్య సంచీ సర్దుకున్నాడు. నరసింగు మావ వీధి చివర నిలబడి ఉన్నాడు. మామ్మ వెళ్ళి బండిలో కూర్చుంది, దిగనంది.

‘ఆ గేరేదో ఒక్కపాలి నాకు సూపించరా, ఎల్దువుగాని.’

పోయేముందు తల్లి మాట తీసెయ్యలేక అయ్య ఎక్కాడు. నేను తలుపు పట్టుకుని వేలాడుతున్నాను. ‘ఇదిగో, ముందుకెల్తాది. ఎనక్కి లాగితే సివరిదాకా రాదు. ఏటో అడ్డొత్తంది.’

‘ఏ సోట అడ్డొత్తందిరా?’

‘ఈ రబ్బరు కాడే. ఎనకాల.’

మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. గేరు రాడ్డు మొదట్లో గొట్టంలా ఉండే ఆ రబ్బరు తొడుగుని వేళ్ళతో ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి, పసుపు గుడ్డలో కట్టిన చిన్న మూట ఒకటి బయటికి లాగింది. నూనె, మసి పట్టి నల్లబడిన ఆ మూట విప్పితే లోపల నాలుగు బియ్యం గింజలు, ఒక పసుపుకొమ్ము, మా తాత వలకున్న సీసం గుండు.

మా వాళ్ళలో ఒక అలవాటుంది. కొత్త తెప్ప నీళ్ళలోకి దింపేముందు ఇంటి పెద్దావిడ, పోయిన పెద్దల వస్తువు ఏదో ఒకటి పసుపు గుడ్డలో కట్టి, తెప్ప ముందుభాగంలో ఎవరికీ కనబడకుండా పెడుతుంది. వాళ్ళు తోడుంటారని. పెట్టానని చెప్పకూడదు, చెప్తే ఫలం పోతుందట. ఈ తెప్పకి ఆ చోటు ఎక్కడుందో మామ్మకి తెలియలేదు. కొడుకు చెయ్యి ఎప్పుడూ ఎక్కడుంటుందో చూసుకుని, అక్కడే పెట్టింది. దిష్టి తగిలిందన్నాక ఇంకా లోపలికి నెట్టింది.

అయ్య రెండో గేరు లాగాడు. పడింది. నాలుగోది లాగాడు. అదీ పడి, కూర్చుంది. ఆయన చాలాసేపు ఆ గుండుని అరచేతి బొబ్బల మధ్య పెట్టుకుని చూశాడు. తిడతాడని నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన ఆ గుండుతోనే మాట్లాడాడు: ‘ఏటయ్యా, నా గేరు పట్టుకుని ఏలాడతన్నావు నువ్వు?’ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. మామ్మ కొంగు నోట్లో కుక్కుకుని, ‘నా సేతుల్తో నానే నిన్ను బోటెక్కించీసీదాన్నిరా’ అని భోరుమంది. మా మామ్మ ఏడవడం నేను చూడ్డం అదొక్కసారే. వీధి చివరున్న నరసింగు మావకి అయ్య బండిలోంచే చెయ్యూపాడు, వెళ్ళిపో బావా అని.

అయ్య మూటని పారెయ్యలేదు. కొత్త గుడ్డలో కట్టించి, అద్దం పక్కన అందరికీ కనబడేలా వేలాడదీశాడు. ఫలం పోతుందేమోరా అని మామ్మ గొణిగింది గాని, ఆ తర్వాత ఏ గేరూ ఊడలేదు, ఆయన మళ్ళీ ఏ బోటూ ఎక్కలేదు. ఆ బండి తోలుతూనే మమ్మల్ని పెంచాడు. ఆ బండి మీదే నాకు తోలడం నేర్పాడు; ఆడపిల్లకి స్టీరింగేటి అన్నవాళ్ళకి మామ్మే నోటి నిప్పుతో సమాధానం చెప్పింది. ఆమె పోయిన రోజున అయ్య ఆ గుండు విప్పి, ఆమె గుప్పిట్లో పెట్టి పంపించాడు.

మొన్న వంతెన దిగి బండి పక్కకి ఆపగానే నా చెయ్యి దానంతటదే గేరు రాడ్డు రబ్బరు కిందకి వెళ్ళింది. వేళ్ళతో అంతా తడిమాను. అయ్య చూస్తూ కూర్చున్నాడు. ‘అక్కడేటుంటాదే? ఎట్టీ మడిసే ఎల్లిపోనాది కదా’ అన్నాడు. తర్వాత సర్వీసు సెంటరులో ఒక కుర్రాడు గేరు కేబులు సర్దితే సరిపోయింది, మేం టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. రెండో గేరు ఇప్పుడు వెన్నపూసలా పడుతోంది. బాగుపడినందుకు సంతోషమే గాని, ఖాళీగా ఉన్న ఆ రబ్బరు కింద నుంచి చెయ్యి తీసుకోవడం మాత్రం కష్టమైంది.

మా వీధిలో అడ్డచుట్టలు లేవు, గంపలు లేవు, వలలు వేలాడే దూలాల చోట ఇప్పుడు శ్లాబులేశారు. ఎర్రదుమ్ము తగ్గింది, దానికోసం ఎవరూ ఏడవరు. నల్లదుమ్ము ఎక్కడికీ పోలేదు. కొత్త బండి కొంటే ఎవరూ మాకు కనబడకుండా తలుపేసుకుని కూర్చోరు.

సరుకు దింపి తిరిగొస్తుంటే మా అయ్య పక్క సీట్లో నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, పండిన తల అద్దానికి ఆనించి, గతుకుల్లో గడ్డం ఊగుతుంటే, బొబ్బలు ఎప్పుడో మాని గట్టిపడ్డ ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని. ఆయన్ని లేపకూడదని మెల్లిగా గేరు మార్చుకుంటూ తోలాను. గట్టు మీద ముసలాడైపోయాడు మామ్మా, నీ కొడుకు.