రూతమ్మ ఆంటీ నన్ను గాడిదను చేసిన క్రిస్మస్

మొన్న చలికోట్లు బయటికి తీద్దామని బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. వెంటనే రూతమ్మ ఆంటీ గుర్తొచ్చారు. బాపట్ల నుంచి ఇంగ్లండుకి నర్సుగా వచ్చి లీసెస్టర్‌లోనే రిటైరైన ఆవిడే అక్కడి మా తెలుగు క్రైస్తవ సహవాసానికి పెద్ద దిక్కు. ఎండాకాలంలోనూ ఉన్నికోటు వదిలేవారు కాదు. ఆవిడ గుమ్మం ఎక్కకముందే ఆ కోటు వాసన లోపలికొచ్చి వందనాలు చెప్పేది.

రెండువేల సంవత్సరం దాటాక నేను అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉండేవాణ్ణి. మా అమ్మాయి గ్రేసీకి ఐదేళ్లు. తెనాలిలో మా నాన్న హెడ్మాస్టరు, సంఘపెద్ద కూడా. ఆయన చెప్పుల చప్పుడు వింటే మా ఇంట్లో గోడగడియారం సైతం నెమ్మదిగా కొట్టుకునేది. తండ్రంటే అలాగే ఉండాలనుకునేవాణ్ణి. కుటుంబ ప్రార్థనలో గ్రేసీ కదిలితే ఒక కన్ను తెరిచి చూసేవాణ్ణి. పిల్ల బిగుసుకుపోయేది. నేను ఆఫీసు నుంచి రాగానే బొమ్మలు సర్దుకుని మేడమీదికి వెళ్లిపోయేది. ఎంత క్రమశిక్షణో అని మురిసిపోయేవాణ్ణి.

ఒకరోజు భోజనానికొచ్చిన ఆంటీ ఇదంతా గమనించారు.

"ఏంటి ప్రసాదూ, నిన్ను చూస్తే నీ కూతురు మా వార్డులో సూదిని చూసిన పిల్లలా అయిపోతంది?"

"భయం ఉండాలి కదా ఆంటీ. దైవభయం గురించి వాక్యమే చెప్పింది."

"దైవభయం అంది నాయనా. ప్రసాదు భయం అన్లేదు."

నా భార్య సుజన నవ్వు ఆపుకోలేక పెరుగు తెస్తానని వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపు పెరుగు రాలేదు.

ఆ క్రిస్మస్‌కి పిల్లల నాటకంలో గ్రేసీ మరియమ్మ. మరియమ్మను మోసే గాడిద వేషం మా సహవాసంలోని ఒక డాక్టరుగారిది. తీరా ఆరోజు హాలు నిండిపోయాక ఆస్పత్రిలో డ్యూటీల రోటా మారి ఆయన డ్యూటీకి వెళ్లాల్సి వచ్చింది. ఆంటీ తన పాత కోటు కత్తిరించి కుట్టిన గాడిద తలతో నా ముందు ప్రత్యక్షమయ్యారు.

"నేనా? నలుగురిలో గాడిదగానా? మా మేనేజర్ కూడా వచ్చాడు ఆంటీ!"

"ప్రభువు గాడిదనెక్కడానికి నామోషీ పళ్లేదు. నీకు గాడిదవడానికి నామోషీయా? వంగు!"

వంగాను. తెర వెనకాల గ్రేసీని ఎవరో నా వీపు మీద కూర్చోబెట్టారు. లోపల ఉన్నది డాక్టర్ అంకులేనని దాని నమ్మకం. జనాన్ని చూసి అప్పటిదాకా వెక్కివెక్కి ఏడ్చిందట. ముందుకి వాలి నా గుడ్డచెవిలో గుసగుసగా అంది:

"అంకుల్, ప్లీజ్ డోంట్ టెల్ డాడీ ఐ క్రైడ్."

గాడిద తలలో నాకు ఊపిరాడలేదు. ఆంటీ కోటు వల్ల మాత్రం కాదు. నా కూతురికి భయం వేస్తే, అది ఎవరికి తెలియకూడదనుకుంటుందో ఆ మొదటి మనిషిని నేను. తెర లేస్తోంది.

"డాడీకి కూడా భయమేస్తోందమ్మా," అన్నాను.

వీపు మీద బరువు ఒక్క క్షణం కదలకుండా ఆగిపోయింది. "నాన్నా?"

జవాబుగా నాకు తుమ్మొచ్చింది. హాలు దద్దరిల్లేంత తుమ్ము. గ్రేసీ పకపకా నవ్వింది. నేనుండగా అది అలా నవ్వడం అదే మొదటిసారి విన్నాను. ఆ తర్వాత నా రెండు చెవులూ పట్టుకుని, "కమాన్, డాంకీ!" అంటూ సత్రం దాటించి స్టేజీ అంతా తిప్పింది. యోసేపు వేసిన పిల్లాడు కర్ర పట్టుకుని మా వెనక పరుగెత్తాడు. చోటు లేదనాల్సిన సత్రం యజమాని, "రూమ్ ఉంది, ఆగండి!" అని అరిచి కథనే మార్చేశాడు. ముందు వరసలో ఆంటీ కళ్లు తుడుచుకుంటూ "హల్లెలూయా!" అన్నారు.

ఇంటికెళ్లేదాకా కారులో గ్రేసీ నోరు మూయలేదు.

ఆంటీ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. గ్రేసీ ఇప్పుడు నాకన్నా పొడుగు. ఏదో చెప్పుకోవాలని అది నా దగ్గరికొస్తే ముందు నేల మీద చతికిలబడతాను. సలహాలేమీ తోచవు, వింటాను. లేచేటప్పుడు మోకాళ్లు పటపటమంటాయి. అదే నవ్వుతూ చెయ్యందిస్తుంది.