మేనత్త పట్టించిన జొన్నపిండి

మా అమ్మ కుడిచెయ్యి విరిగిన రోజు ఇంట్లో మొట్టమొదట వినిపించిన మాట నాయనమ్మది: "మరిగ వంటెవలు జేస్తరు?" అమ్మ అప్పటికింకా బావిగట్టు మీద జారిపడ్డ చోటే కూర్చుని ఉంది. చేతి మణికట్టు ఉండాల్సిన వైపు లేదు. ఆ సంగతి తర్వాత చూడొచ్చు, ముందు మధ్యాహ్నం భోజనం ఏమిటో తేలాలి.

కట్లు కట్టే ఆయన వచ్చి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డుసొన పట్టించి గుడ్డ చుట్టాడు. దసరా దాటేదాకా ఈ చెయ్యి గరిటె పట్టొద్దని చెప్పి పోయాడు. నాయనమ్మ దగ్గర మందు సిద్ధంగా ఉంది. కోదాడలో ఉన్న తన కూతురిని, అంటే మా మేనత్తను, పిలిపిస్తానంది.

అమ్మ మొహంలో అసలు నొప్పి అప్పుడు కనిపించింది. నేను పుట్టినప్పుడు పురుడు పొయ్యడానికని వచ్చిన మేనత్త, నాకు పళ్ళొచ్చేదాకా కదల్లేదట. ఆ రోజుల్లో అమ్మ తన ఇంట్లో తాను చారు పెట్టుకోవాలన్నా ఆమెను అడగాల్సి వచ్చేదట. ఆమెను తిరిగి బస్సెక్కించడానికి నాయిన కులపెద్దల్ని కూర్చోబెట్టాల్సి వచ్చిందని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నాయనమ్మ అటు పోగానే అమ్మ నా చొక్కా పట్టి దగ్గరకు లాక్కుంది.

"ఆమె అచ్చిందంటే ఇగ పోదు. ఈ వంటింట్ల మల్ల నన్ను అడుగు వెట్టనియ్యదు. నువ్వు వండు."

"నాకు రాదమ్మా."

"పీయూసీ గూడ రాలే. మూడుసార్లు రాయలేదా?"

ఇలా సూర్యాపేటలో, చదువు తప్పినవాడికి దొరికే ఉద్యోగాల్లోకెల్లా తక్కువ గౌరవమున్నది నాకు దొరికింది. నాయిన మిర్యాలగూడలో రైసుమిల్లు గుమాస్తా. శనివారం సాయంత్రం బస్సులో వచ్చి సోమవారం పొద్దున పోయేవాడు. మిగతా రోజుల్లో ఇంట్లో నేను, మంచంలో అమ్మ, గడపలో నాయనమ్మ.

నాయిన మిల్లు నుంచి తెచ్చిన కొత్తబియ్యానికి, పాతబియ్యానికి పోసినన్ని నీళ్ళు పోశాను. గిన్నె బోర్లిస్తే అన్నం గిన్నె ఆకారంలోనే దిగి నిలబడింది. నాయనమ్మ దాన్ని వేలితో పొడిచి చూసింది.

"ఇది బువ్వనా, గోడలకు కాయితాలతికేసే మైదనా?" అంది. అని, మొత్తం తింది. మా నాయనమ్మ తిట్టడానికి కావలసిన బలం తిండిలోంచే తీసుకునేది. వండినవాడి మీద గౌరవంతో తినడం ఆమెకు అలవాటు లేదు.

రాత్రిపూట మా ఇంట్లో జొన్నరొట్టె. అక్కడ నా పరువు మరీ పోయింది. నా మొదటి రొట్టె మందంలో గొంగడి, గట్టిదనంలో ఎండిన చెప్పు. అమ్మ మంచం మీంచే నడిపించేది. "సలసల మరిగిన నీళ్ళు వొయ్యి. కాలితే కాలనీ, పిసుకు. అరచెయ్యి తడిజేస్కో. కొట్టు. గట్ల గాదు, దొంగను కొట్టినట్టు కొట్టకు." కొన్నాళ్ళకు అంచులు పగలకుండా రొట్టె పెనం మీదికి చేరడం మొదలైంది. రుచి సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కానీ నాయనమ్మ ఊరుకునే మనిషి కాదు. కోదాడ బస్సు కండక్టర్‌తో కబురు పంపింది: ఇంట్లో మనుషులు ఎండిపోతున్నరు, వెంటనే రా. ఆ మాట చెప్పేనాటికి ఆమె ముందురోజుకన్నా ఒక రొట్టె ఎక్కువే తిన్నది.

శుక్రవారం మేనత్త దిగింది. సంచితో వచ్చేవాళ్ళు మళ్ళీ పోతారు. ఆమె ట్రంకుపెట్టెతో వచ్చింది.

కోదాడ వైపు కాల్వ నీళ్ళొచ్చిన కొత్త అది. వాళ్ళ చేలన్నీ వరి అయ్యాయి. దాంతోపాటు మేనత్త మాట కూడా మారింది. అవతలి జిల్లా వాళ్ళలాగా సాగదీసి మాట్లాడేది.

"ఏవిటమ్మా ఇది! మగపిల్లాడి చేత వంట చేయిస్తారా ఎక్కడైనా? మా కోదాడలో వింటే నవ్విపోతారు. మరదలా, నువ్వు హాయిగా పడుకో. ఈ వంటిల్లు ఇక నేను చూసుకుంటాను."

"పడుకోవల్సింది చెయ్యి ఒదినె, నేను గాదు," అంది అమ్మ.

మేనత్త వినలేదు. అప్పటికే నా పిండి డబ్బాలో ముక్కు పెట్టి ఉంది. ముక్కిపోయిందని తేల్చి, పక్కింటి బర్రెకు పోయించింది. బర్రె ఒక్క మాట అనకుండా తింది. మా ఇంటి చుట్టుపక్కల నా వంటింటి సరుకును తిట్టకుండా తిన్నది అదొక్కటే.

"రేపు తమ్ముడొస్తాడుగా," అంది మేనత్త, అమ్మకు వినపడేలా. "నా చేతి వంట తిననీ. ఇక్కడ ఎవరుండాలో వాడే చెప్తాడు."

అమ్మ నా వైపు చూసింది. నేను చూరు వైపు చూశాను. నాయిన రుచికి లొంగే మనిషని ఇద్దరికీ తెలుసు.

సన్నబియ్యం అన్నం, వంకాయ కూర చేస్తానంది మేనత్త. నాయనమ్మ ఒప్పుకోలేదు. "రాత్రి బువ్వ నాకరగదు బిడ్డా. రొట్టె జెయ్యి." మేనత్త రొట్టె కొట్టి ఎన్నేళ్ళయిందో ఆమె మొహమే చెప్పింది. నోరు మాత్రం, "దానికేం, చేస్తాను," అంది.

శనివారం మధ్యాహ్నం జొన్నల డబ్బా నా నెత్తిన పెట్టి, పిండి పట్టించడానికి గిర్నికి బయలుదేరదీసింది. కోదాడలో గిర్నికి జీతగాడు పోతాడని, తాను గుమ్మం కూడా తొక్కననీ దారిపొడుగునా చెప్పింది.

మా వీధి గిర్నిలో ఉన్నది ఒకటే రాయి. గోధుమైనా, జొన్నైనా, పసుపైనా అందులోనే. మేం పోయేసరికి ఆడవాళ్ళు డబ్బాలు ముందేసుకుని గోడవారగా కూర్చున్నారు. ఇంజను టకటకలాడుతోంది, తొట్టి ఖాళీగా ఉంది. కింద నేలంతా ఎర్రగా ఉంది. గిర్ని ఆయన మూతికి తువాల కట్టుకుని ఉన్నాడు. అంతకుముందే ఎవరో పెళ్ళివారు ఎండుమిరపకాయలు పట్టించుకుని పోయారు.

మా ఊళ్ళో పాలుతాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది: మిరపకాయల వెనక ఎవరూ గింజలు పొయ్యరు. బర్రెల దాణాకు ఉలవలో, నూకలో తెచ్చేవాళ్ళు వచ్చేదాకా కూర్చుంటారు. ఆ దాణా పోతే రాయి శుభ్రమవుతుంది, తర్వాత వరస మొదలవుతుంది. అందుకే అక్కడందరూ ఎప్పుడూ లేనంత మర్యాదగా ఉన్నారు.

"నువ్వు వొయ్యక్కా."

"నాకేం తొందర లేదు, నువ్వే వొయ్యి."

మేనత్తకు కనబడింది ఖాళీ తొట్టి ఒక్కటే.

"ఏవిటర్రా, తొట్టి ఖాళీగా పెట్టుకుని కబుర్లా? తప్పుకోండి. మాకు పనుంది."

"పొయ్యమ్మా, నువ్వే ముందుగాల వొయ్యి," అంది ఒకామె. మిగతావాళ్ళు ఆమెకు దారిచ్చిన తీరు చూస్తే ఎమ్మెల్యే వచ్చాడనుకోవాలి.

"అత్తా, జర ఆగు. గిప్పుడే గీండ్ల మిరప..."

"నోరు ముయ్యి! ఆడవాళ్ళ పనిలో నీకేం తెలుసురా?"

పెద్దల మాట వినే అలవాటు నాకు అదివరకు లేదు. ఆ రోజే మొదలుపెట్టాను.

తిరిగొచ్చేటప్పుడు మేనత్త గర్వంగా నడిచింది. "చూశావా? మనిషిని చూసే దారిస్తారు." పిండి కొంచెం ఎర్రగా ఉందన్నాను. మీ ఊరి జొన్నలే అంత అంది.

పొయ్యి దగ్గర యుద్ధం మొదలైంది. వేణ్ణీళ్ళు పోసి పిసకగానే ఆమె చేతులు మండాయి. "నీళ్ళు మరీ మరిగించావు," అని నన్ను తిట్టింది. రొట్టె పగిలింది. "పెనం వంకర," అంది. పెనం మీద పడ్డ రొట్టె నుంచి లేచిన ఘాటుకు ఇల్లంతా దగ్గింది. అమ్మ దగ్గినప్పుడల్లా విరిగిన చెయ్యి పట్టుకుని పళ్ళు బిగించింది.

"తాళింపేసినవా బిడ్డా?" అంది నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

నాయిన వచ్చాడు, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. పక్కనే నాయనమ్మ. మేనత్త వడ్డించి, మెప్పుకోసం ఎదురుగా నిలబడింది. నాయిన ఒక ముక్క నమిలి ఆగిపోయాడు. మొహం నల్లబడింది, తర్వాత ఎర్రబడింది. ఈలోపు నాయనమ్మ అరుపు వీధి చివరిదాకా పోయింది.

"ఓయమ్మో, నా నోరు గాలింది!"

"అది కారం రొట్టె అమ్మా. కోదాడలో ఇప్పుడందరూ ఇలాగే తింటారు."

"కోదాడల పండ్లు గూడ కారంతోనే తోముకుంటరా?"

అమ్మ మంచం మీంచి చాలా నెమ్మదిగా నన్నడిగింది. "పిండి ఎవలెనక పట్టిచ్చిన్రు?"

"పెండ్లోళ్ళ మిరపకాయలెనక."

మేనత్త ఒక్కసారిగా విరుచుకుపడింది. కోదాడ భాష ఎటు పోయిందో, లోపలున్న సూర్యాపేట మొత్తం బయటికొచ్చింది.

"నాకేమెరుక! గంతమంది గూసున్నరు, ఒక్కతన్న నోరిప్పిందా? గీ పోరడు పక్కనే ఉండి సూస్తుండె!"

"చెప్పబోయిన అత్తా. నోరు ముయ్యమంటివి. మూసిన."

"సూసినవా తమ్మీ, తల్లీ కొడుకులు ఒక్కటై నన్ను ఆగం జేస్తున్నరు. ఇప్పుడే చెప్పు. నేను ఉండాల్నా, పోవాల్నా?"

నాయిన చెంబెడు మజ్జిగ తాగాడు. ఇంకో చెంబు కోసం చెయ్యి చాపాడు. అది కూడా తాగి మూతి తుడుచుకున్నాడు.

"పొద్దుగాల కోదాడ బస్సు ఎన్నింటికక్కా?" అన్నాడు.

ట్రంకుపెట్టె బస్టాండు దాకా నేనే మోశాను. బస్సెక్కుతూ ఆమె, "మీ అమ్మ చెయ్యి ఎట్ల అతుకుతదో నేనూ సూస్త," అంది. దీవెనగా తీసుకోవడానికి వీల్లేకుండా అంది. మిగిలిన పిండిని పక్కింటి బర్రెకు పోస్తే, ఈసారి అది వాసన చూసి మొహం తిప్పుకుంది.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ అమ్మతో మాటలు మానేసింది. నన్ను మధ్యలో పెట్టి, గోడతో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. అమ్మ మాత్రం మంచం దిగి, చేతిని మెడకు కట్టిన గుడ్డలో వేసుకుని, పొయ్యి ముందు పీట మీద వచ్చి కూర్చుంది. నా చేతిలో గరిటె, పొయ్యి మీద పప్పు.

"ఉప్పేసినవా?"

"ఏసిన."

"ఎంత?"

"నాయనమ్మ తిట్టేంత."

అమ్మ ఎడమచేతిలో కొంచెం వేయించుకుని నాకి చూసింది. గడపలో కూర్చున్న నాయనమ్మ వైపు ఒకసారి చూసింది.

"ఇంకింతెయ్యి," అంది.